హైదరాబాద్ దేవిడి ఏ డేటాబేసులో దొరుకుతుంది?

ఆర్కిటెక్చర్ కళాశాలల లైబ్రరీల గురించి మాట వచ్చినప్పుడల్లా చర్చ ఒకచోటికే చేరుతుంది: పరిశోధన పత్రికల ఫలానా డేటాబేసుకు చందా కట్టారా లేదా, కడితే లాగిన్ ఇంటి దగ్గర పనిచేస్తుందా లేదా. హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు ఆర్కిటెక్చర్ కళాశాలలో గ్రంథపాలకుడిగా పనిచేస్తున్న నేను ఆ ప్రశ్నలను తేలికగా తీసుకోను. చందాల కోసం యాజమాన్యాన్ని అడుగుతూనే ఉన్నాను, ఇకమీదటా అడుగుతాను. అయితే ఈ నగరపు కట్టడాల మీద పనిచేయాలనుకునే విద్యార్థికి ఎంత ఖరీదైన చందా కట్టినా తీరని లోటు ఒకటుంది. ఇక్కడి పాత ఇళ్ల, దేవిడీల (నవాబుల, ప్రభువర్గాల పాత భవంతుల), బస్తీల కొలతలు తీసి గీసిన చిత్రాలు అంతర్జాతీయ డేటాబేసుల్లో దాదాపుగా కనిపించవు. అవి ఉన్నది మన కళాశాలల బీరువాల్లో, పాసైపోయిన విద్యార్థుల పాత హార్డ్ డిస్కుల్లో. వాటిని కేటలాగు చేసి అందరికీ తెరిచి పెట్టడం మరో చందా కట్టడం కన్నా ముందు జరగవలసిన పని అని నా గట్టి అభిప్రాయం.

ముందు డేటాబేసులు ఏం చేస్తాయో, ఏం చేయవో చెప్పుకోవాలి. విద్యార్థుల నిరాశలో చాలా భాగం ఇక్కడి గందరగోళం నుంచే పుడుతుంది. ఆర్కిటెక్చర్ పత్రికలకు అన్నిటికన్నా పేరున్న సూచిక న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయపు ఏవరీ లైబ్రరీ 1934లో మొదలుపెట్టినది. ఏ కట్టడం గురించి, ఏ వాస్తుశిల్పి గురించి, ఏ పత్రికలో ఏ సంచికలో ఏ పేజీల్లో వ్యాసం వచ్చిందో అది చెబుతుంది; వ్యాసాన్ని మాత్రం చేతికివ్వదు. జేస్టోర్ అనే డిజిటల్ లైబ్రరీలో వ్యాసం మొత్తం దొరుకుతుంది, కానీ ఎంపిక చేసిన పత్రికలే ఉంటాయి, అందులోనూ చరిత్ర, కళ, సమాజ శాస్త్రాలవే ఎక్కువ. భవనాల్లో వేడి, వెలుతురు, గాలి కదలిక మీద జరిగే పరిశోధన మరోచోట, ఎల్సెవియర్ వంటి ప్రచురణ సంస్థల పత్రికల్లో వస్తుంది. ఒకదానిలో వెతకవలసినది మరొకదానిలో వెతికి, ఏమీ లేదని తేల్చేసుకుని, చివరికి పింటరెస్ట్ దగ్గరికి వెళ్లిపోయే విద్యార్థులను నేను ఏటా చూస్తున్నాను. అక్కడ దొరికే బొమ్మను ఎవరు గీశారో, ఏ స్కేలులో గీశారో, అసలు ఆ కట్టడం అలాగే కట్టారో లేదో చెప్పే ఆధారం సాధారణంగా ఉండదు. అయినా జ్యూరీ (విద్యార్థుల పనిని ఉపాధ్యాయులు పరిశీలించే సమావేశం) షీట్ల మీద కేస్ స్టడీ పేరుతో వేలాడేవి ఎక్కువగా ఆ బొమ్మలే.

ఒక ఉదాహరణ చెబుతాను. నాలుగో సంవత్సరం అమ్మాయి ఒకరు ఈసీఐఎల్ (ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా) కార్యాలయ భవనం మీద సెమినార్ పేపరు రాయడానికి వచ్చింది. వాస్తుశిల్పి చార్లెస్ కొరియా 1960ల చివర్లో రూపొందించిన భవనం అది. ఎండ వేడిని యంత్రాలకు వదిలేయకుండా కట్టడపు ఆకృతితోనే అదుపు చేయాలన్న ఆయన ఆలోచనకు తొలినాటి ఉదాహరణల్లో ఒకటి. అదే సంస్థ ఉద్యోగుల టౌన్‌షిప్‌ను మరో పేరున్న వాస్తుశిల్పి బాలకృష్ణ దోషి రూపొందించారు. ఒకే ప్రాంతంలో ఆ ఇద్దరి పనీ ఉండటం నగరానికి దక్కిన అదృష్టం. "సార్, బిల్డింగేమో మా ఇంటి దగ్గర్లోనే ఉంది, డ్రాయింగులేమో లండన్‌లో ఉన్నాయట" అని ఆ అమ్మాయి కొంత దిగులుగానే అంది. కొరియా తన చిత్రాల భాండాగారాన్ని లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బ్రిటిష్ ఆర్కిటెక్ట్స్‌కు ఇచ్చారు. ఆ సందర్భంగా 2013లో అక్కడ ఆయన పని మీద ప్రదర్శన కూడా జరిగింది. అలా ఇవ్వడాన్ని నేను తప్పుపట్టను. ట్రేసింగ్ పేపరును చెదపురుగుల నుంచి, తేమ నుంచి కాపాడి, అడిగినవారికి వెతికి ఇవ్వగల వ్యవస్థ ఉన్నచోటికి అవి చేరాయి. మేమిద్దరం కూర్చుని సూచికల్లో వెతికితే వ్యాసాల పేర్లు దొరికాయి, వాటిలో కొన్ని పాత భారతీయ పత్రికల్లో వచ్చినవి. ఆ సంచికలు మా లైబ్రరీలోనే బైండు చేసిన సంపుటాల్లో ఉన్నాయి. దూరదేశపు సూచిక మన బీరువాలోని పుస్తకాన్ని మనకు చూపించింది. సూచిక విలువ ఏమిటో విద్యార్థికి చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ తెలియదు.

ఇక చందాల మాట. కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరులో ఆమోదించిన 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకం నిజంగా పెద్ద అడుగు. 2025 నుంచి 2027 వరకు మూడేళ్లకు రూ. 6,000 కోట్లు కేటాయించి, 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 పత్రికలను 6,300కు పైగా సంస్థలకు అందించాలన్నది లక్ష్యం. మాసాబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం వంటి ప్రభుత్వ సంస్థల వారికి ఇది వరం. కానీ ఈ దశలో పథకం ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకే పరిమితం. నగరం చుట్టూ ఉన్న ప్రైవేటు ఆర్కిటెక్చర్ కళాశాలల విద్యార్థులు అదే అయిదేళ్ల బి.ఆర్క్ చదువుతారు, అదే కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ దగ్గర నమోదు చేసుకుంటారు, రేపు అదే నగరంలో ఇళ్లు కడతారు. పత్రికల దగ్గరికి వచ్చేసరికి మాత్రం గేటు బయట నిలబడతారు. ఫీజు కట్టే కళాశాల అన్న కారణంతో విద్యార్థిని సంపన్నుడిగా లెక్కగట్టడం న్యాయం కాదు. మా దగ్గర విద్యారుణం తీసుకుని, ఫీజు రీయింబర్స్‌మెంట్ కోసం ఎదురుచూస్తూ చదివేవాళ్లు ఎందరో ఉన్నారు. తర్వాతి దశలో వీరినీ చేర్చాలని అడగడం మన హక్కు.

అది జరిగేలోగా ఉచితంగా దొరికేదాన్నైనా పూర్తిగా వాడుకుంటున్నామా అంటే, లేదనే చెప్పాలి. జేస్టోర్‌లో ఎవరైనా సొంత ఖాతా తెరిచి నెలకు 100 వ్యాసాల దాకా ఆన్‌లైన్‌లో చదువుకోవచ్చని ఏటా కొత్త బ్యాచ్‌కు చెబితే ఏటా ఆశ్చర్యపోతారు. ఆగా ఖాన్ ట్రస్ట్, అమెరికాలోని ఎంఐటీ కలిసి నిర్మించిన ఇస్లామీయ వాస్తు వెబ్‌సైటు ఆర్క్‌నెట్ పూర్తిగా ఉచితం. చార్మినార్, గోల్కొండ, కుతుబ్‌షాహీ సమాధుల గురించి రాసేవాళ్లు మొదట తెరవవలసిన తలుపు అది. దేవాలయ వాస్తు మీద పనిచేసేవారికి అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్ ఫోటో భాండాగారం ఉంది, చికాగో విశ్వవిద్యాలయపు వెబ్‌సైటులో చూడవచ్చు. 2021లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన రామప్ప గుడి నామినేషన్ పత్రం యునెస్కో సైటులో ఎవరికైనా దొరుకుతుంది. ఇసుక నింపిన పునాది, నీళ్లలో తేలే ఇటుకల గురించి విహార యాత్రికుల వీడియోలు చూసి రాసే పిల్లలు ఆ పత్రాన్ని ఒక్కసారి తెరిస్తే ఒక కట్టడాన్ని ఎంత ఓపికగా వర్ణించాలో వారికి అర్థమవుతుంది. నిజాం కాలపు పాలనా వ్యవహారాల కోసం జాతీయ అభిలేఖాగారం వారి వెబ్‌సైటు అభిలేఖ్ పటల్‌లో హైదరాబాద్ రెసిడెన్సీ దస్త్రాలను వెతకవచ్చు. 1914లో ఏర్పడిన నిజాం పురావస్తు శాఖ, గులాం యజ్దానీ నాయకత్వంలో వెలువరించిన వార్షిక నివేదికలు పాతవి చాలావరకు ఉచిత డిజిటల్ లైబ్రరీ అయిన ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో చదువుకోవచ్చు.

స్థలం గురించిన సమాచారం కూడా ఇంతే. ఇస్రో వారి భువన్ పటాల వేదికను నడిపేది మన బాలానగర్‌లో ఉన్న నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 పటాలు ఇప్పుడు ఉచితంగా దిగుతాయి. భవనంలో వేడి, వెలుతురు ఎలా ఉంటాయో కంప్యూటరులో అనుకరించి చూసేవారికి హైదరాబాద్ వాతావరణ ఫైలు, ఆ పనికి వాడే ఎనర్జీప్లస్ సాఫ్ట్‌వేరు సైటులోనే ఉంది. భారతీయ ప్రమాణాల సంగతి వేరుగా చెప్పాలి. కట్టడం కూలకుండా, కాలకుండా ఉండటానికి దేశం రాసుకున్న నియమాలను ఒకప్పుడు డబ్బు పెట్టి కొనుక్కోవలసి వచ్చేది. అమెరికాకు చెందిన కార్ల్ మాలముద్ వాటిని స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టి, ప్రజలు పాటించవలసిన నియమాలు ప్రజలకు ఉచితంగా అందాలని ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లారు. ఇప్పుడు బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) తానే తన ప్రమాణాలను ఉచితంగా ఇస్తోంది. అందుబాటు అనేది దయతో కాదు, పట్టుబట్టి అడిగితే వస్తుందనడానికి ఇది మన కళ్లముందున్న రుజువు.

అయితే ఇవన్నీ ఉన్నా దొరకకపోవడానికి మరో కారణం ఉంది, గ్రంథపాలకులుగా మమ్మల్ని ఎక్కువగా బాధపెట్టేది అదే: సరిగా రాయని వివరాలు. పాత పుస్తకాలను స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకంలో మన నగరంలోని ఐఐఐటీ కీలకపాత్ర వహించింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం వంటి లైబ్రరీల పుస్తకాలు వేల సంఖ్యలో స్కాన్ అయ్యాయి. ఆ పని చేసినవారికి మన తరం ఎంతో రుణపడి ఉంది. కానీ ఆ పుస్తకాల పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచిన స్పెల్లింగుతో వారు ఎక్కించడం వల్ల, రచయిత పేరు ఉండవలసిన చోట మరేదో ఉండటం వల్ల, ఉన్న పుస్తకమే లేనట్టు కనిపిస్తుంది. హైదరాబాద్ వాస్తు చరిత్రకు ఈ సమస్య ఇంకా ఎక్కువ. గోల్కొండను, కుతుబ్‌షాహీని, దేవిడిని ఇంగ్లీషులో రాసినవాళ్లు తలా ఒక రకంగా రాశారు. మూలపత్రాలేమో ఫారసీ, ఉర్దూల్లో ఉన్నాయి. ఒక్క స్పెల్లింగుతో వెతికి ఆగిపోయిన విద్యార్థికి అసలు సమాచారంలో చిన్న ముక్క మాత్రమే కనిపిస్తుంది. ఇన్ని రూపాలనూ ఒకదానికొకటి ముడివేసి పెట్టడమే కేటలాగు పని, అది యంత్రం ఒక్కటే చేసిపెట్టేది కాదు.

ఆన్‌లైన్‌లో ఉన్నది ఎప్పటికీ ఉంటుందన్న నమ్మకం కూడా మంచిది కాదు. 2023 అక్టోబరులో సైబర్ దాడి జరిగాక బ్రిటిష్ లైబ్రరీ కేటలాగు, డిజిటల్ సేకరణలు నెలల తరబడి అందకుండా పోయాయి. రాజా దీన్ దయాళ్ హైదరాబాద్ ఫోటోల వంటి వాటి కోసం అక్కడి లింకుల మీద ఆధారపడిన మన పరిశోధకులూ ఇబ్బంది పడ్డారు. మరుసటి ఏడాది అక్టోబరులో ఇంటర్నెట్ ఆర్కైవ్‌పైనా దాడి జరిగింది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సొంత సైటు మూతపడినా ఆ పుస్తకాలు మిగిలాయంటే, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో మరో ప్రతి ఉండటం వల్లనే. అందుకే నేను విద్యార్థులకు లింకు కాదు, సంచిక సంఖ్య, పేజీ, చూసిన తేదీ రాసుకోమని చెబుతాను.

ఇప్పుడు నా అసలు వాదనకు వస్తాను. మా స్టోర్ గదిలో షీట్లు పెట్టే ఇనుప బీరువా ఒకటుంది. దాని కింది అరలో ట్రేసింగ్ పేపరు మీద ఇంకు పెన్నుతో గీసిన పాతబస్తీ దేవిడి ప్లాన్ ఒకటి చుట్టి ఉంది. మధ్యలో చౌకు (లోపలి ముంగిలి), మూడు వైపులా తోరణాల వరండా, జనానా (ఆడవాళ్లు ఉండే భాగం) వైపు వేరే దారి, ఆ దారి మలుపులో బావి. గోడల మందం అడుగులు, అంగుళాల్లో వేశారు. ఒక గది కొలతల పక్కన పెన్సిలుతో, గది తాళం వేసి ఉందని, కొలత బయటి నుంచి లెక్కగట్టినదని చిన్న అక్షరాల్లో రాశారు. ఎంత నిజాయితీగా కొలిచారో ఆ ఒక్క ముక్క చెబుతుంది. ఉత్తరం బాణం ఉంది, స్కేలు ఉంది. తేదీ మాత్రం లేదు, వీధి పేరు లేదు, గీసినవాళ్ల పేర్లకు బదులు పొడి అక్షరాలు ఉన్నాయి. ఆ దేవిడి ఇంకా నిలబడి ఉందో లేదో తెలుసుకోవాలంటే ముందు అది ఏదో తెలియాలి. ఎవరో పిల్లలు ఎండలో టేపు పట్టుకుని తిరిగి కూడబెట్టిన జ్ఞానం, ఒక చిన్న పట్టీ నింపకపోవడం వల్ల సగం చచ్చిపోయింది.

ఇలాంటి చుట్టలు నగరంలోని ప్రతి ఆర్కిటెక్చర్ కళాశాలలో ఉన్నాయని నాకు తెలుసు. ఏటా విద్యార్థులు కట్టడాలను కొలుస్తారు, షీట్లు గీస్తారు, మార్కులు పడతాయి, కొత్త బ్యాచ్ షీట్లకు చోటు కావాలి కనుక పాతవి తరలిపోతాయి. 1908 మూసీ వరదల తర్వాత లియొనార్డ్ మన్ ఆధ్వర్యంలో 1912 నుంచి 1915 దాకా తయారైన నగర సర్వే పటాలను చరిత్ర పరిశోధకులు ఈ రోజుకీ వాడుతున్నారు. నూరేళ్ల తర్వాత కూడా అవి పనికొస్తున్నాయంటే ఎవరు, ఎప్పుడు, ఏ స్కేలులో చేశారో వాటి మీదే రాసి ఉండటం ముఖ్య కారణం. మన పిల్లలు చేస్తున్న పని కూడా, ముక్కలు ముక్కలుగానే కావచ్చు, అలాంటి సర్వేయే.

అమెరికాలో ఇది సాధ్యమని 1933లోనే తేలింది. ఆర్థిక మాంద్యంలో పని లేక కూర్చున్న వాస్తుశిల్పులకు ఉపాధి కల్పిస్తూ మొదలైన చారిత్రక భవనాల సర్వే చిత్రాలు ఈ రోజు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైటులో ప్రపంచంలో ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. అక్కడ విద్యార్థులు గీసిన కొలత చిత్రాలకు చార్లెస్ పీటర్సన్ పేరిట బహుమతి ఇస్తారు. పోటీకి వచ్చిన చిత్రాలు ఆ భాండాగారానికే చేరతాయి. మన దగ్గర కూడా ఆర్కిటెక్చర్ విద్యార్థుల జాతీయ సంఘమైన నాసా ఇండియా, విద్యార్థులు కట్టడాలను కొలిచి నమోదు చేసే డాక్యుమెంటేషన్‌కు లూయీ కాన్ పేరిట ట్రోఫీ ఇస్తుంది, ఆ పోటీ కోసం పిల్లలు నిద్ర మాని పనిచేస్తారు. పోటీ అయ్యాక ఆ షీట్లు ఒక ప్రజా భాండాగారానికి చేరే దారి కూడా ఉంటే ఎంత సంపద పోగయ్యేదో ఊహించుకోవచ్చు.

నా సహోద్యోగులు కొన్ని అభ్యంతరాలు చెబుతారు. విద్యార్థుల కొలతల్లో తప్పులుంటాయంటారు. ఉంటాయి. అందుకే టేపుతో కొలిచారా, లేజర్ మీటరుతో కొలిచారా, ఏ గది చూడలేకపోయారు అన్నది షీటు మీదే రాయించాలి. పరిమితి చెప్పిన చిత్రం పరిశోధకుణ్ని మోసం చేయదు. కాపీరైటు అంటారు. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ప్రకారం కట్టడాన్ని చూసి బొమ్మ గీయడం, ఫోటో తీయడం, వాటిని ప్రచురించడం ఉల్లంఘన కాదు; గీసిన చిత్రం మీద హక్కు విద్యార్థిది, కాబట్టి విద్యార్థి దగ్గర రాతపూర్వక అనుమతి తీసుకుంటే సరిపోతుంది. మూడో అభ్యంతరం వీటికన్నా బరువైనది, దాన్ని నేను పూర్తిగా గౌరవిస్తాను: జనం నివసిస్తున్న ఇంటి లోపలి ప్లాన్‌ను ప్రపంచానికి చూపించడం. ఇల్లు చూపించిన పెద్దాయన మనవాళ్లను నమ్మి చూపించారు, జనానా గదులు కూడా కొలవనిచ్చారు. ఆయన ఒప్పుకోకపోతే ఆ షీటు మూసే ఉండాలి. కానీ మూసి ఉన్న షీటుకు కూడా కేటలాగులో ఒక పంక్తి ఉండవచ్చు: ఫలానా ప్రాంతంలోని దేవిడి, ఫలానా ఏడాది కొలిచినది, చూడాలంటే అనుమతి అవసరం. ఆ పంక్తి ఉంటే ఇల్లు కూలిన రోజున దాని ప్లాన్ ఎక్కడుందో నగరానికి తెలుస్తుంది.

ఖర్చు విషయంలో నేను యాజమాన్యాలకు చెప్పేది సూటిగా ఉంటుంది. ఎంఐటీ, హ్యూలెట్ ప్యాకర్డ్ కలిసి 2002లో విడుదల చేసిన, డిజిటల్ భాండాగారాలను నడిపే డీస్పేస్ సాఫ్ట్‌వేరు ఉచితం. పెద్ద షీట్ల స్కానింగు నగరంలో ప్లాటర్ దుకాణాల్లోనే జరుగుతుంది. డబ్బు కావలసింది ఒక మనిషికి, అంటే షీటును చూసి అది ఏమిటో అర్థం చేసుకుని, గెట్టీ సంస్థ ఉచితంగా ఇచ్చే కళ, ఆర్కిటెక్చర్ పదకోశాన్ని పక్కన పెట్టుకుని, దేవిడికి ఉన్న అన్ని స్పెల్లింగులనూ కలిపి రాయగల కేటలాగరుకు. ఆ ఉద్యోగాన్ని ఖాళీగా ఉంచి చందాలు మాత్రం పునరుద్ధరించే కళాశాలలో ఆ చందాలు కూడా సరిగా వాడుకోరు. వెతకడం నేర్పేది కూడా ఆ మనిషే కదా.

మా కళాశాలలో మూడో సంవత్సరం స్టూడియో ఉపాధ్యాయులు ఒక నియమానికి ఒప్పుకున్నారు. డాక్యుమెంటేషన్ షీటు కుడి అంచు పట్టీలో కట్టడం పేరు స్థానికులు పిలిచే విధంగా తెలుగులోనో ఉర్దూలోనో, దాని కింద ఇంగ్లీషులో, వీధి, బస్తీ, కొలిచిన తేదీ, కొలిచిన సాధనం, చూడలేని గదులు, ఇంటివారి అనుమతి ఉందా లేదా, గీసినవారి పూర్తి పేర్లు ఉండాలి. పట్టీ ఖాళీగా ఉన్న షీటును జ్యూరీకి తీసుకోరు. స్కాన్ ప్రతి లైబ్రరీకి చేరాకే మార్కులు ఎక్కిస్తారు. ఆ పట్టీ నమూనా కావాలనుకునే ఇతర కళాశాలల గ్రంథపాలకులు, స్టూడియో ఉపాధ్యాయులు అడిగితే సంతోషంగా పంపుతాను. ముఖ్యంగా ఉర్దూ పేర్లను ఎలా నమోదు చేయాలో తెలిసినవారు సరిదిద్దితే మరీ మేలు, మా దగ్గర ఆ పని చేయగలవారు ప్రస్తుతం లేరు.